గోడకు అవతల

అరుణ్‌కుమార్, నవత ఆ పాత బంగ్లా చూడ్డానికి సిద్దిపేట శివారుకు వచ్చేసరికి పొద్దుగూకింది. ఇల్లు ఏళ్లుగా మూసే ఉంది. చుట్టూ పెద్ద జాగ. కిరాయి ఇళ్లల్లో పిల్లలు గట్టిగా నవ్వినా ఓనర్లతో మాటలు పడ్డ నవతకు ఆ జాగ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

లోపల కరెంటు లేదు. ప్లాస్టరు గట్టిగా ఉందో లేదోనని అరుణ్‌కుమార్ ఫోను వెలుగులో వెనక గది గోడను వేళ్లతో కొట్టి చూశాడు. అవతలి నుంచి అదే చప్పుడు తిరిగి వచ్చింది.

"ఎవలో ఉన్నరు," అంటూ అతను బయటికి నడిచాడు. కాసేపటికి పెరట్లోంచి అరిచాడు. "ఈడ ఎవ్వలు లేరు నవతా!"

కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. నవత గోడకు అరచెయ్యి ఆనించింది. వెచ్చగా తగిలింది.

"మాకిద్దరు పిల్లలు. మస్తు అల్లరి చేస్తరు. మేం ఈడ ఉండొచ్చా?" అని మెల్లగా అడిగింది.

అరుణ్‌కుమార్ తిరిగొచ్చి పక్కన నిలబడ్డాడు. అప్పుడు మళ్లీ చప్పుడైంది. ఈసారి గోడ కింది భాగంలో, తొందర తొందరగా, చిన్న చేతులేవో కొడుతున్నట్టు.

"పోదాం పా," అని అతను ఆమె చెయ్యి పట్టి లాగాడు.

నవత కదల్లేదు. ఆమె ముఖంలో నవ్వు విచ్చుకుంది.

"పిల్లల్ని తీస్కరమ్మంటున్నరు," అంది.