కొనని ఆటో

కంప్యూటర్లో ఆ ఆటో నంబరు మీద మళ్ళీ ఎర్రగీత పడింది.

మాధురికి ఏమీ అర్థం కాలేదు. పిడుగురాళ్ల బైపాస్ పక్కనున్న సూపర్ మార్కెట్‌కి ఆవిడ మేనేజరు. గేటు దగ్గర కొత్తగా పెట్టిన కెమెరా వచ్చే ప్రతి బండి నంబరూ చదువుతుంది. బిల్లు దగ్గర నంబరు చెబితే, ఏ బండి మనిషి ఎంత కొన్నాడో కంప్యూటర్ చెప్పేస్తుంది.

ఈ ఆటో నెలలో నలభై రెండుసార్లు వచ్చింది. ఒక్క అగ్గిపెట్టె కూడా కొనలేదు.

"వచ్చి ఏం చేస్తాడు బాపయ్యా?" అని సెక్యూరిటీని అడిగింది.

"ఎవర్నో దింపుతాడు, గంటసేపు కూర్చుంటాడు, ఎక్కించుకుని పోతాడు మేడం."

"మరి కొనడేం?"

"అదే నాకూ అంతుబట్టట్లేదు."

కొననివాళ్ళ బండ్లు లోపలికి రానివ్వొద్దని హెడ్డాఫీసు గట్టిగా చెప్పింది. అమ్మకాలు ఈ నెల కూడా తగ్గితే బ్రాంచి ఎత్తేస్తామనీ చెప్పింది. అందులో పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు.

మాధురే గేటు దగ్గరికి నడిచింది. ఆటోలోంచి అరవై ఏళ్ళ మనిషి దిగి నిలబడ్డాడు.

"మీ పేరేంటండీ?"

"అంకమ్మరావు తల్లీ."

"ఇది ఆటో స్టాండు కాదండీ. రేపట్నుంచి లోపలికి తేకండి."

"మావాళ్ళు పెద్దవాళ్ళు తల్లీ. సంచులు మోసుకుని రోడ్డు దాకా నడవలేరు."

"నేనేం చెయ్యనండీ? కంప్యూటర్ ఒప్పుకోదు."

ఆయన వాదించలేదు. దణ్ణం ఈవిడకి పెట్టాలో కెమెరాకి పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, వెళ్ళిపోయాడు.

రెండు వారాల్లో అమ్మకాలు మూడోవంతు పడిపోయాయి.

మాధురికి మతిపోయింది. ఎవరు మానేశారా అని చూస్తే, బిల్లు దగ్గర 'బండి లేదు' అని రాయించిన ఆడవాళ్ళు. అందరికంటే ఎక్కువ కొనేది వాళ్ళే.

బండి లేనివాళ్ళు అన్నన్ని సంచులు ఎలా తీసుకెళ్ళేవాళ్ళు?

అప్పటికి గాని తట్టలేదు మహాతల్లికి.

బిల్లుల మీద ఊరి పేరు చూసుకుని స్కూటీ తీసింది. ఊరి బయట మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్న వెంకటరావమ్మని గుర్తుపట్టింది. కౌంటర్లో తరచూ చూసిన మొహమే.

"అంకమ్మరావుగారు ఎక్కడున్నారమ్మా? తప్పు నాదే. మళ్ళీ రమ్మని అడుగుదామని వచ్చాను."

"ఇంకెక్కడ! ఆటో అమ్మేసి మొన్ననే హైదరాబాదు పోయాడు, వాచ్‌మన్ పనికి."

మాధురికి సిగ్గేసింది. "పోనీ, మీరైనా వస్తుండొచ్చుగా?"

"ఆయన తెస్తేనే వచ్చాం. మీ దగ్గర ధర తక్కువ, సరుకు మంచిది, అక్కడే కొనుక్కోండని ఇంటింటికీ తిరిగి చెప్పాడు."

మాధురి ఇంకా తికమకపడింది. "మా కొట్టంటే ఆయనకెందుకంత అభిమానం?"

వెంకటరావమ్మ తలెత్తి చూసింది.

"మీ కొట్టంటే కాదు, మేమంటే. మీరొచ్చాక మూతబడ్డ మా ఊరి కిరాణా కొట్టు ఆయనదేనమ్మా."