కునుకు

ఆ ఫోటో ముందు జనం గుమిగూడి ఉన్నారు. రాజేంద్ర మునివేళ్ళ మీద లేచి వాళ్ళ తలల మీదుగా చూశాడు. చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

నవారు మంచం. దాని మీద వెల్లకిలా పడుకున్న ముసలాయన. కిటికీలోంచి ఏటవాలుగా వచ్చిన పొద్దుటి వెలుగు నెరిసిన గడ్డం మీద, ఛాతీ మీదున్న మోటు చేతి మీద ఆగి ఉంది. మిగతాదంతా నీడ. కింద అట్టముక్క మీద ‘కునుకు’ అని పేరు. మూలన మొదటి బహుమతి రిబ్బను.

ఆ ముసలాయన రాజేంద్ర నాయన, తిమ్మన్న. ఫోటో తీసింది ఓబిలేష్.

అనంతపురం ఫోటోగ్రఫీ క్లబ్బులో వాళ్ళిద్దరినీ కాడెద్దులనేవారు. ఆదివారం వస్తే ఒకే బండి మీద పోయేవారు. బీళ్ళలో జింకల కోసం, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల దుమ్ములో పనివాళ్ళ ముఖాల కోసం. మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్న ఓబిలేష్‌కు కెమెరా పట్టడం నేర్పింది రాజేంద్రే. మొదటి లెన్సు ఇచ్చిందీ అతనే.

తిమ్మన్నకు మాత్రం ఫోటో అంటే చిరాకు. గోరంట్ల పక్కనున్న సొంతూరికి పోయిన ప్రతిసారీ కొడుకు కెమెరా తీసేవాడు. ముసలాయన తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. “నా మొగమేమన్నా సినిమా మొగమా? లోపల పెట్టప్పా దాన్ని” అనేవాడు. ఇన్నేళ్ళలో రాజేంద్రకు ఒక్క మంచి ఫోటో దొరకలేదు. ఆ సంగతి ఓబిలేష్‌కు బాగా తెలుసు.

టీ గ్లాసు పట్టుకుని ఎవరితోనో నవ్వుతున్న ఓబిలేష్ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు రాజేంద్ర. అతన్ని చూడగానే ఓబిలేష్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“నువ్వు రానంటివి కదరా!”

“ఎప్పుడు తీసినావు?”

ఓబిలేష్ అటూ ఇటూ చూసి అతన్ని స్తంభం చాటుకు లాగాడు. “ఎండాకాలంలో. మీ ఇంటికి వచ్చినప్పుడు.”

రాజేంద్రకు ఆ పొద్దు గుర్తుంది. ఊర్నుంచి తను మొదట ఫోన్ చేసింది ఇతనికే. పళ్ళు కూడా తోముకోకుండా బండేసుకుని వచ్చాడు. వాకిట్లో షామియానా కట్టించాడు. కుర్చీలు తెప్పించాడు. చుట్టాలు ఆటోల్లో దిగుతుంటే, కాలు నిలవక తిరుగుతున్న రాజేంద్ర భుజం తట్టి, “నువ్వు బయట చూసుకోరా. నాయన దగ్గర నేను కూచ్చుంటా” అని లోపలి గదిలోకి పోయాడు. తోడబుట్టినవాడున్నా ఇంత చెయ్యడని అమ్మ కూడా అంది.

తలుపు దగ్గరికేసుకుని కూచున్నది ఇందుకన్నమాట.

“నాయన ఒప్పుకున్నాడా?”

“వద్దనలేదు.”

రాజేంద్ర అతని కళ్ళలోకి చూశాడు. ఓబిలేష్ చూపు తిప్పుకున్నాడు.

“నాకు ఒక్క మాటన్నా చెప్పినావా?”

“చెప్తే తీయనిస్తావా? ఆ వెలుగు చూడరా. అట్లాంటిది జన్మకొకసారి పడుతాది. చూస్తా చూస్తా వదల్లేకపోయినా. దండం పెడతా, ఈ పొద్దు ఏమీ అనొద్దు. పెద్ద ఫ్రేము కట్టించి నేనే తీసుకపోయి అమ్మకు ఇస్తా.”

అమ్మ మాట ఎత్తేసరికి రాజేంద్ర అతని చెయ్యి వదిలేశాడు.

వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ పోయి ఆఖరి వరసలో కూచున్నాడు. అక్కణ్ణుంచి కూడా ఆ ఫోటో కనిపిస్తూనే ఉంది. బాగుంది. నిజంగా బాగుంది. అదే అతన్ని ఎక్కువ కోసింది. వేదిక మీద నాయన పేరన్నా చెప్తాడులే, అది చాలు, ఇంక ఈ సంగతి ఎత్తను అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

బెంగుళూరు నుంచి వచ్చిన జడ్జి సునంద మైకు అందుకుంది.

“కెమెరా చూడగానే ఎవరైనా బిగుసుకుపోతారు. ఈ పెద్దాయనకు ఎదురుగా కెమెరా ఉందన్న ధ్యాసే లేదు. ముఖంలో ఎంత నెమ్మదో చూడండి. ఎవరండీ ఈయన?”

వేదిక మీదున్న ఓబిలేష్ మెడలో వేసిన మెడల్ సర్దుకున్నాడు. వెనక వరసల వైపు చూడలేదు.

“ఎవరో రైతు మేడమ్. గోరంట్ల రోడ్డులో పోతా చూసినా. చేన్లో పని చేసొచ్చి, అలిసిపోయి పండుకున్నాడు.”

ఎవరో రైతు! ఆ ఇంట్లో తిమ్మన్న పక్కన కూచుని ఎన్నిసార్లు సంగటి తిన్నాడు! “నా చిన్నకొడుకు వచ్చినాడు” అని తిమ్మన్న తన గిన్నెలోని పెరుగు కూడా ఇతని వైపే జరిపేవాడు.

“మరి మెలకువ రాలేదా ఆయనకు?”

“యాడ లేస్తాడో అని ఊపిరి బిగబట్టి తీసినా మేడమ్.”

హాలంతా నవ్వింది.

“లేచాక చూపించారా?”

“చూపించినా మేడమ్. చూసి శానా మురిసిపోయినాడు.”

చప్పట్లు మోగాయి.

తను ఎప్పుడు లేచాడో, కుర్చీల మధ్య నుంచి ఎప్పుడు ముందుకు నడిచాడో రాజేంద్రకే తెలియదు. వేదిక మెట్టు ఎక్కాడు. ఓబిలేష్ వద్దన్నట్టు తల ఊపాడు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“నేను ఆయన కొడుకును మేడమ్.”

సునంద ముఖం విప్పారింది. మైకు తీసి అతని చేతికిచ్చింది. “అయ్యో, నాయనగారిని కూడా పిలుచుకుని రావాల్సింది కదండీ!”

“ఇతను లోపల ఈ ఫోటో తీసేటప్పుడు, వాకిట్లో మేము నాయనకు పాడె కడతాంటిమి మేడమ్,” అన్నాడు రాజేంద్ర.