టోపీల బుట్ట

దేవుడు టీషర్టుల సంగతి కూడా పట్టించుకుంటాడా?

కండక్టరమ్మకి ఏళ్ళ తరబడి ఇదే అనుమానం. దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు కూడా వదిలేది కాదు.

ఆమె కూతురి చర్మం ఉల్లిపొరలా పల్చన. కొత్త గుడ్డ తగిలితే చాలు, మోచేతులు ఒరుసుకుపోయి నెత్తురు చిమ్మేవి. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన పాత నూలు టీషర్టు అయితేనే పిల్లకి నిద్ర పట్టేది.

అలాంటివి బస్సు డిపో వెనక పాత బట్టల షాపులో చవగ్గా దొరికేవి. ఒకప్పుడు.

ఇప్పుడు పాతవే ఫ్యాషనై, వాటికి వింటేజ్ అని పేరొచ్చింది. పేరుతో పాటు గళ్ళ టోపీ పెట్టుకున్న ఒక మనిషీ వచ్చాడు. ర్యాకులన్నీ దులిపి, పాత టీషర్టులన్నీ సంచిలో కుక్కుకుపోయి, పెద్ద బజారులో తన అద్దాల షాపులో పదింతలకి అమ్మేవాడు.

అయినా కండక్టరమ్మ ఉత్త చేతులతో ఇంటికి పోయింది లేదు. పసిపిల్లల ఉన్ని టోపీల బుట్టలో, అడుగున, తిరగేసిన టీషర్టు ఒకటి ఆమె కోసమే అన్నట్టు ఉండేది. సరిగ్గా కూతురి కొలతే.

"అంతా నీ దయ స్వామీ" అనుకునేది. ఆ వెంటనే, "కానీ టోపీల బుట్టలో ఎందుకు పెడతావు?" అనీ అడిగేది.

ఒకరోజు ర్యాకు మీదే కనబడింది, వెలిసిన నీలం టీషర్టు. ఆమె దాని ఒక చెయ్యి పట్టుకునేసరికి, దాని రెండో చెయ్యి టోపీ మనిషి పట్టుకున్నాడు.

"ముందు నేను చూశాను."

"చూస్తే సరిపోదు బాబూ, పట్టుకోవాలి. వదులు."

"దీని విలువ మీకేం తెలుసు?"

"నాకు తెలీకపోతేనేం, మా పిల్ల ఒంటికి తెలుసు. వదులుతావా, నీ టోపీ కూడా ఆ బుట్టలో వెయ్యమంటావా?"

ఆ షాపులో రోజూ ర్యాకుల మధ్య తిరుగుతూ, సర్దినవన్నీ కెలికిపోసే ముసలామె ఒకావిడ ఉండేది. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఇద్దరి చేతుల్లోంచీ టీషర్టు లాగి కింద పడేసింది. బురద చెప్పు కాలితో దాని మీదెక్కి నిలబడింది.

"ఇప్పుడు కొట్టుకు చావండి" అంది.

అందరితో వాదన పెట్టుకునే టోపీ మనిషి ఎందుకో కిక్కురుమనలేదు. తల దించుకుని బయటికి పోయాడు.

కండక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదే! దీన్ని ఉతికి తెచ్చి నీ మొహాన కొట్టకపోతే నేను కండక్టర్నే కాదు!"

"తే, చూస్తా" అంది ముసలామె, కాలు తియ్యకుండానే.

బురదైపోయిందని కౌంటరావిడ దాన్ని ఊరికే ఇచ్చేసింది. ఎంత ఉతికినా భుజం మీద చెప్పు అచ్చు పోలేదు. తెచ్చి చూపిద్దామంటే పిల్ల ఒంటి మీంచి దిగితేగా!

ముసలామె ఎదురుపడ్డప్పుడల్లా, "ఏదీ, నా మొహాన కొట్టేది?" అనేది.

"మా పిల్ల వదలనీ, కొడతా" అనేది ఈమె.

అలా ఏళ్ళు గడిచాయి. చివరికి ఆ టీషర్టు పిల్లకి పొట్టయింది. కండక్టరమ్మ దాన్ని ఉతికి, మడత పెట్టి తెచ్చింది.

"ఇవాళ బాకీ తీర్చేస్తా. ఏదీ ఆవిడ?"

"ఇంకెక్కడి ఆవిడ?" అంది కౌంటరావిడ. "పోయి రెండు నెలలైంది."

కండక్టరమ్మ చప్పున బుట్టవైపు చూసింది. అందులోనూ రెండు నెలలుగా ఏమీ దొరకడం లేదు.

"అంటే..."

"మరి పెట్టేదెవరనుకున్నావు? మూటలు విప్పే వేళకే వచ్చి, మెత్తవి ఏరి, ఆ టోపీ అతను వచ్చేలోగా తిరగేసి అడుగున తోసేది. ఓసారి నీ పిల్ల చేతులు చూసిందిలే. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

"నేను దేవుడనుకున్నానే!"

"దేవుడికి మోకాళ్ళ నొప్పులుంటాయా? ఆవిడ మూలుగుతూ వంగేది."

"మరి ఆ రోజు తొక్కిందీ..."

"తొక్కకపోతే అతను వదిలేవాడా?"

కండక్టరమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుని గొంతు పెంచింది.

"సరే. రేపట్నుంచి డ్యూటీ ఎక్కేముందు నేనొస్తా. ఈ ఊళ్ళో ఇలా ఒళ్ళు ఒరుసుకుపోయే పిల్లలు ఇంకా ఉంటారు. ఆ టోపీ ముందొస్తుందో, నేను ముందొస్తానో చూద్దాం!"

చేతిలోని టీషర్టుని తిరగేసి, బుట్ట అడుగున తోసింది.

"ఇదిగో పెద్దమ్మా, తెచ్చాను."

తలెత్తేసరికి ఎదురుగా టోపీ మనిషి. ఆమె దాచడం చూడనే చూశాడు. వంగి, టోపీలు పక్కకి నెట్టి, దాన్ని బయటికి తీశాడు.

"పెట్టెయ్!" అంది కండక్టరమ్మ, బుట్ట అంచు గట్టిగా పట్టుకుని. "ఈ బుట్ట జోలికొస్తే నీ అద్దాల షాపు ముందే కూచుంటా, ఏమనుకున్నావో!"

అతను టీషర్టు తిరగేసి, భుజం మీది మరకని వేలితో తడిమాడు. మళ్ళీ తిరగేసి, తనే టోపీల అడుగున జాగ్రత్తగా పెట్టాడు.

"ఉండనివ్వండి" అన్నాడు. "అది మా అమ్మ చెప్పు అచ్చు."