ఫ్యాను కింద చోటు

మిర్చి తొడిమలు తీసే షెడ్డులో ఇప్పుడు మేస్త్రీ అంటే మనిషి కాదు, దూలానికి వేలాడే, మాట్లాడే నల్లటి కెమెరా కన్ను. తాగే నీళ్లు ఘాటుగా ఉంటున్నాయని నెల కిందట వీరాస్వామి, అతని భార్య మాణిక్యం ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు చేసినవాళ్లను పనిలోంచి తీసేయడం చట్టం ఒప్పుకోదు. అందుకని మర్నాడు కన్ను గేటు మూసి, 'నా ఇష్టంతోనే మానుకుంటున్నాను' అని రాసున్న, వేలిముద్ర తీసుకునే తెర పలకను ఇద్దరి ముందుకూ జరిపింది. రేషనుకీ పింఛనుకీ ఎవరు పలక చూపినా వేలు పెట్టడం అలవాటైన వీరాస్వామి పెట్టేశాడు. మాణిక్యం చేతులు కొంగులో చుట్టుకుని, గేటు తీసేదాకా కదలకుండా కూర్చుంది.

అయినా కన్ను ఇద్దరినీ తీసేసింది. వేలు పెట్టలేదు కనక ఆమెను కోర్టు తిరిగి పనిలో పెట్టించింది. పరిహారంగా ఫ్యాను కింద చోటు కూడా ఇప్పించింది. కన్ను ఆమెను "మాణిక్యం గారూ" అని పిలుస్తుంటే, క్యారేజీ తెచ్చే వీరాస్వామికి ఒళ్లు మండుతుంది.

"కూరలో ఉప్పెక్కువైంది," అంది మాణిక్యం.

"ఫ్యాను కింద కూచునేవాళ్లకి అన్నీ ఎక్కువే."

"మూతి ముడిచింది చాల్లే. కోర్టులో నీ అర్జీకి గడువు ఇవాళే. గేటు మూసి వేలు పెట్టించుకుందని నేను సాక్ష్యం చెప్తా. నువ్వు నోరు తెరిచి అడగాల, అంతే."

వీరాస్వామి గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మళ్లీ విడదీశాడు.

"చెప్పు," అన్నాడు చివరికి. "నాకూ ఫ్యాను కిందే కావాలని చెప్పు."