తీగల పళ్లు

“నోరు తెరువు,” అన్నాడు మాతో దిగి మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ నర్సింగం.

తాగినవాళ్లు బొగ్గుబాయిలోకి దిగకూడదని, దిగేవాళ్లకు తలలైట్లు ఇచ్చే గది ముందు అందరి నోళ్లూ ఆయనే వాసన చూస్తాడు. వంకర పళ్లకు తీగలు వేయించుకున్న ఈ నెలలోనే నన్ను రెండుసార్లు వెనక్కి పంపాడు. తీగల్లో ఇరుక్కున్న అన్నం వాసనే, గుడుంబా కాదంటే వినలేదు. ఇవాళ కూడా పంపితే చార్జిషీటు.

“మల్ల గుప్పుమంటున్నది. బొగ్గు మోసెటోనికి తీగల సోకేందిరా? ఇంటికి వో.”

నేను కదల్లేదు. సంచిలోంచి బ్రష్షు తీసి, అందరూ చూస్తుండగా ఒక్కొక్క తీగ కిందా తోముకున్నాను. సీసాలోని ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మాను. రెండు లవంగాలు నమిలాను.

“ఇప్పుడు చూడుండ్రి సార్.”

ఆయన తన ముఖం నా ముఖానికి ఆనేంత దగ్గరికి వచ్చాడు. గుడుంబా వాసన అప్పుడు నాకూ తగిలింది.

“ఇంక అదే వాసన,” అన్నాడు.

లైట్లు ఇచ్చే గులాం అలీ కాక కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చాడు. “నిజమే, వస్తున్నది.”

నేను నోరు గట్టిగా మూసుకుని ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. అక్కడ నిలబడి అడిగాను: “ఇప్పుడో, కాకా?”

“ఇంక వస్తనే ఉన్నది బిడ్డా,” అంటూ కాక, కిటికీ మీద సిద్ధంగా పెట్టిన నర్సింగం లైటును తీసుకెళ్లి మళ్లీ గూట్లో పెట్టేశాడు.