చదివి చింపెయ్

పెరట్లో ఇనుప డ్రమ్ము మండుతోంది.

నాయకుడు బతికున్నన్నాళ్లూ గేటు దాటని విచారణ, ఆయన పోగానే గడప దాకా వచ్చింది. అధికారులు రేపో మాపో దిగుతారట. ఆయన భార్యకు రాసిన ఉత్తరాలన్నీ కొడుకు మంటలో వేస్తున్నాడు. మిల్లు ఎవరి పేరున పెట్టాలి, రాబడి ఎక్కడ దాచాలి, అన్నీ అందులోనే. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట: చదివి చింపెయ్.

"చింపమంటే దాచావేంటమ్మా?"

"తిన్నావా అని ఒక్కదాంట్లోనైనా అడిగాడేమోనని వెతుక్కునేదాన్నిరా" అంది తల్లి.

గేటు చప్పుడైంది. భుజాన గుడ్డసంచితో ఎవరో ముసలాయన.

"మీ నాన్నగారు నాకూ రాసేవారు బాబూ. మిల్లు సంగతులు."

కొడుకు సంచి వైపే చూశాడు. మిల్లు ఇప్పుడు నడుపుతున్నది తనే. ఒక్క కాగితం బయటపడితే చాలు, తండ్రి పరువు గంగలో, తను జైల్లో.

"ఎంత కావాలి?"

"అయ్యో, అందుకు కాదు బాబూ. ఆ ఉత్తరాలు నా దగ్గర ఉండకూడదని తెచ్చాను."

"చింపెయ్యమని రాయలేదా నీకు?"

"రాశారు. తమ్ముడూ అని కూడా రాశారు. చింపబుద్ధి కాలేదు."

కొడుకు నవ్వాడు. "ఓట్ల కోసం ఊరందరినీ తమ్ముడూ అనేవాడు మా నాన్న. నువ్వు నిజమేననుకున్నావా?"

"అనుకున్నాను బాబూ."

సంచిలోని ఉత్తరాల కట్ట విప్పకుండానే డ్రమ్ములో పడింది. బూడిదయ్యేదాకా ముసలాయన కదల్లేదు.

"ఒక్కసారి ఫోటో చూసి వెళ్లనా?"

"ఇప్పుడు కుదరదు. ఇదుంచుకో, వెళ్లు."

చాచిన నోటు తీసుకోలేదు. ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఎండన పడి వచ్చాడు. తిన్నావా అని అడిగావుట్రా?" అంది తల్లి.

"అడగడానికి చుట్టమా?"

మర్నాడు వకీలు ఫోన్ చేశాడు. గొంతులో పెళ్లికళ.

"గట్టెక్కాం! మిల్లు నాదే, పాపం నాదే అని ఒకాయన వచ్చి లొంగిపోయాడు. కాగితాల్లో పేరు ఆయనదే మరి. ఆయనిక జైలు నుంచి బయటికి రావడం కల్ల."

"పేరు వినడమే గానీ మనిషిని చూడలేదు. ఎవరాయన?"

"ఎవరో ముసలాయన. ఉత్తినే సంతకం పెట్టావా, మీ నాయకుడు రాసిన ముక్క ఒక్కటి చూపించు, ఇప్పుడే వదిలేస్తామన్నారట అధికారులు. ఆయన నాకెప్పుడూ ఏమీ రాయలేదన్నాడట. వెతికితే ఏముంది, చంకలో మడతపెట్టిన ఖాళీ గుడ్డసంచి తప్ప."