తెర మీద నంబరు

నగరం చూపిస్తానని భార్యనీ నాలుగేళ్ల కూతురినీ రైలెక్కించిన పాస్టరు, దిగగానే తిన్నగా పెద్ద చర్చికి తీసుకొచ్చాడు.

"జూ అన్నారు, సముద్రం అన్నారు. ఇదా?" అంది భార్య.

"ఆదివారం కదే. ఆరాధన అయ్యాక అవన్నీ. వీళ్లు కొత్తగా ఏమేం చేస్తున్నారో కళ్లారా చూడాలి. మన సంఘంలో కుర్రాళ్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. ఇలాగే ఉంటే చివరికి నువ్వూ నేనూ మిగులుతాం."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ బెంగతో ఆయనకి కొన్నాళ్లుగా సరిగ్గా నిద్ర లేదు.

గుమ్మంలో ఒక అమ్మాయి ఎదురొచ్చి పిల్ల మణికట్టుకి కాగితం పట్టీ చుట్టింది. పాస్టరు చేతిలో ఒక చీటీ పెట్టి ఏదో గబగబా చెప్పింది. ఆయన చూపంతా లోపలి రంగుదీపాల మీదే ఉంది. "అలాగేనమ్మా" అని చీటీ మొహమైనా చూడకుండా జేబులో కుక్కేశాడు.

పిల్లని పిల్లల గదిలోకి తీసుకెళ్లారు.

"చీటీ దేనికంట?" అంది భార్య.

"వచ్చినవాళ్ల లెక్కకేమో. ఎంత బుర్ర చూడు వీళ్లది. మనమూ మొదలుపెడదాం."

"మన మందిరానికొచ్చే పిల్లలు పట్టుమని పదిమంది లేరు. వాళ్లకి పేర్లున్నాయి, చాలు."

లోపల డ్రమ్ములు, పొగ, గోడంత తెర. పాస్టరు తెరిచిన నోరు మూయలేదు. కాసేపటికి తెర మూలన ఒక నంబరు వెలిగింది. నూట నలభై ఏడు.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆయన మందిరంలో పాట నంబరు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు. ఇక్కడ తెర మీద వేస్తారన్నమాట. పాటల పుస్తకం తీసి, నూట నలభై ఏడో పాట వెతికి, గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

వాళ్లు ఇంకేదో పాట ఎత్తుకున్నారు.

"చూశావా," అన్నాడు భార్య చెవిలో. "నంబరు ఒకటి, పాట ఇంకొకటి. ఈ విషయంలో మనమే నయం."

నంబరు ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఈసారి ఎర్రగా.

"ఏమండీ, అది పాట కాదేమో."

"పాట నంబరు నాకు తెలీదా?"

ఆరాధన అయ్యాక పిల్లల గదికి వెళ్తే, పట్టీ కట్టిన అమ్మాయి మొహం పాలిపోయి ఉంది.

"ఎక్కడికి పోయారండీ? పాప ఏడుస్తోందని మీ నంబరు ఎన్నిసార్లు వేశాం తెర మీద."

పాస్టరు ఆమె భుజం మీదుగా గదిలోకి తొంగి చూశాడు.

"పాప ఏదమ్మా?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉందండీ. అందరూ ఒక్కసారిగా వచ్చేసరికి ఆ తోపులాటలో తలుపు దాటేసినట్టుంది. మావాళ్లు వెతుకుతున్నారు."

భార్య అప్పటికే పరుగెడుతోంది. ఆమె మెట్ల వైపు, ఈయన బయటికి. ఎటు చూసినా పిల్లలే, ఒక్కరూ తన పిల్ల కాదు. గేటు అవతల రోడ్డు మీద బస్సులు ఆగకుండా పోతున్నాయి. మైకు ముందు అరగంట ప్రార్థన చేయగల మనిషికి "దేవా, దేవా" తప్ప ఇంకో మాట రాలేదు.

గేటు దగ్గర కనిపించింది. ఎవరో ముసలావిడ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. పిల్ల గింజుకుంటోంది.

"ఎవరు నువ్వు? పిల్లనెక్కడికి లాక్కెళ్తున్నావు?"

"ఎక్కడికీ లేదు బాబూ. చీటీ చూపించండి, ఇచ్చేస్తాను."

"నా కూతురికి నేను చీటీ చూపించాలా?"

"నాన్నా" అంటూ పిల్ల రెండో చెయ్యి చాపింది. ముసలావిడ వదల్లేదు.

"వినపడట్లేదా? నాన్నా అంటోంది."

"భయపడ్డ పిల్లలు ఎవర్ని పడితే వాళ్లని పిలుస్తారు. చీటీ చూపించండి."

పాస్టరు ఆవిడ వేళ్లు విడదీసి, పిల్లని లాక్కుని, ఒక్క తోపు తోశాడు. ఆవిడ గేటుకి కొట్టుకుని కూలబడింది. అలా కూలబడే ఆయన ప్యాంటు అంచు పట్టుకుంది.

"చీటీ చూపించి కదలండి బాబూ."

రొప్పుతూ వచ్చిన భార్య ఆయన జేబులో చెయ్యి పెట్టి, నలిగిన చీటీ తీసి ఆవిడకిచ్చింది. ఆవిడ చీటీ మీది నంబరూ పిల్ల పట్టీ మీది నంబరూ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. అప్పుడు వదిలింది.

"వెళ్లిరండమ్మా. చెయ్యి పట్టుకుని నడిపించండి" అంది, మోచెయ్యి రుద్దుకుంటూ.

"పెద్దావిడని అలా తోసేశారేంటండీ?" అంది భార్య.

"పెద్దావిడా? పిచ్చిది."

అంతటితో ఆగలేదు. పిల్లని ఎత్తుకుని నేరుగా ఆఫీసు గదికి వెళ్లి సంఘ పెద్ద ముందు నిలబడ్డాడు.

"ఇంత మంచి పద్ధతి పెట్టుకుని గేటు దగ్గర ఆ మనిషినా ఉంచేది? చూడండి, పిల్ల చెయ్యి ఎలా కందిపోయిందో."

"మేం ఉంచలేదండీ. ప్రతి ఆదివారం ఆవిడే వచ్చి నిలబడుతుంది."

"మరి వద్దని చెప్పొచ్చుగా?"

సంఘ పెద్ద బల్ల మీది నీళ్ల గ్లాసు పిల్ల వైపు జరిపాడు. పిల్ల నాన్న మెడ చుట్టూ చేతులు వేసుకుని వెక్కుతోంది. పాస్టరు కోపం కొంచెం దిగింది.

"పోనివ్వండి. చీటీల పద్ధతి మాత్రం బాగుంది, మా దగ్గరా మొదలుపెడతాను. ఇంతకీ ఎవరికి తట్టిందండీ ఈ ఆలోచన?"

సంఘ పెద్ద లేచి కిటికీలోంచి చూశాడు. జనం వెళ్లిపోయారు, గేటు మూసేశారు. ముసలావిడ కూడా లేదు.

"సమయానికి ఎవరికీ తట్టలేదండీ," అన్నాడు. "ఆవిడ కొడుకు మీ పాప ఈడులో ఉన్నప్పుడు ఇలాగే ఏడుస్తూ బయటికొస్తే, 'నేనే వాడి నాన్నని' అన్నవాడెవడికో ఆ గేటు దగ్గర మేమే చేతులారా అప్పగించేశాం."